హెడ్‌ఫోనుకూ స్పీకర్లకూ ఒకే ఆంప్లిఫయరు

బల్లమీద కంప్యూటరు ఉంచుకొని సంగీతమో, రికార్డు చేసిన పాఠములో వినేవారికి సాధారణముగా రెండు అవసరములు ఉంటాయి. ఇంట్లో అందరూ నిద్రపోయిన తరువాత ఒక్కరే వినవలెనంటే చెవులకు తగిలించుకొనే హెడ్‌ఫోను కావలెను. నలుగురూ కలిసి వినవలెనంటే స్పీకర్లు కావలెను. ఈ రెండింటికీ వేరువేరు పరికరములు కొని, మాటిమాటికీ తీగలు మార్చుకొనుట విసుగు పుట్టించే పని. అందుచేత ఒకవైపు హెడ్‌ఫోనును నడుపుతూ, మరొకవైపు స్పీకర్లకు సంకేతమును అందించే చిన్న పెట్టెలు బజారులోకి వచ్చినవి. వీటిని హెడ్‌ఫోను ఆంప్లిఫయర్లు అంటారు. ఆంప్లిఫయరు అనగా వర్ధకము. బలహీనమైన విద్యుత్సంకేతమును బలపరచే సాధనము.

ఇట్టి పెట్టెను కొనబోయినవాడు మొదట చూచేది దానిమీద అచ్చువేసిన వాట్ల అంకె. ఒకదానిపై 1 వాట్టు అనీ, వేరొకదానిపై 3 వాట్లు అనీ ఉంటుంది. మూడు ఒకటికంటె పెద్దది కనుక అదే మేలని తోచుట సహజమే. కాని ఈ అంకె చెప్పేది చాలా కొద్ది. చెప్పవలసిన అంకెలు వేరే ఉన్నవి. అవి తరచుగా కరపత్రములో చివరి పేజీలో, చిన్న అక్షరములలో దాగి ఉంటాయి. వాటిని అర్థము చేసుకొనుటకు పై చదువులు అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో నేర్చిన ఓము సూత్రము, సంవర్గమానములను గూర్చిన కొద్దిపాటి పరిచయము ఉంటే చాలును.

మొదట స్పీకర్ల సంగతి చూద్దాము. ఇక్కడ మనము చెప్పుకొనే స్పీకర్లు పవర్డ్ స్పీకర్లు. అనగా ఆంప్లిఫయరును తమ పెట్టెలోనే ఇముడ్చుకొన్నవి. ఫిన్లండు దేశములో 1978లో స్థాపితమైన జెనెలెక్ సంస్థ మొదటినుంచీ ఇట్టివాటినే తయారుచేసి రేడియో కేంద్రములకు అందించినది. నేడు ఇవి ఇళ్ళలోకి కూడా వచ్చినవి. యమహా వారి హెచ్.ఎస్.5 అనే స్పీకరును ఉదాహరణగా తీసుకొందాము. అందులో మందర స్వరములకు 45 వాట్లు, తారస్వరములకు 25 వాట్లు ఇచ్చే రెండు ఆంప్లిఫయర్లు లోపలే ఉన్నవి. వాటికి శక్తి గోడలోని ప్లగ్గునుండి వస్తుంది. బయటి పెట్టె ఇవ్వవలసినది సంకేతము మాత్రమే. ఆ స్పీకరు ప్రవేశద్వారము వద్ద అవరోధము 10,000 ఓములు. దానికి మనము 1 వోల్టు ఇచ్చితిమనుకొందాము. ప్రవహించే విద్యుత్తు ఆంపియరులో పదివేలవ వంతు. ఖర్చయ్యే శక్తి వాట్టులో పదివేలవ వంతు. అంతే.

కాలువ తూము వద్ద నిలిచిన మనిషిని తలచుకొనండి. అతడు చక్రము కొద్దిగా త్రిప్పుతాడు. పొలములోకి పారే నీరంతా చెరువునుండే వస్తుంది. పవర్డ్ స్పీకరుకు సంకేతమిచ్చే పరికరము పని ఇట్టిదే. హెడ్‌ఫోను సంగతి అట్లు కాదు. అది ఏతము వంటిది. తొక్కేవాని బలము ఎంతో, పైకి వచ్చే నీరు అంత. హెడ్‌ఫోనులోని సన్నని తీగచుట్టను అయస్కాంత క్షేత్రములో కదిలించే శక్తి అంతా మన పెట్టెనుండే రావలెను. ఒకే పెట్టె ఈ రెండు పనులనూ చేయవలసి వచ్చుటలోనే ఎంపికలోని చిక్కంతా ఉన్నది.

మరి హెడ్‌ఫోనుకు ఎంత బలము కావలెను? జర్మనీ దేశపు సెన్‌హైజర్ సంస్థ 2003లో విడుదల చేసిన హెచ్.డి.650 అనే నమూనాను చూద్దాము. దీని అవరోధము 300 ఓములు. 1 వోల్టు ఇచ్చినప్పుడు 103 డెసిబెళ్ళ ధ్వని పుట్టిస్తుంది. వోల్టేజి పది రెట్లు తగ్గితే ధ్వని 20 డెసిబెళ్ళు తగ్గుతుంది. కనుక 0.1 వోల్టుకు 83 డెసిబెళ్ళు. ఇది ఇంట్లో వినుటకు సమృద్ధియైన ధ్వని. చాలామంది ఇంతకంటె తక్కువలోనే వింటారు. ఆ సమయములో ఖర్చయ్యే శక్తిని లెక్కించండి: 0.1ని 0.1చేత గుణించి 300చేత భాగిస్తే, వాట్టులో సుమారు ముప్పదివేలవ వంతు! మృదంగముపై పడిన గట్టి దెబ్బవంటి క్షణికమైన పెద్ద ధ్వనులకు 110 డెసిబెళ్ళ వరకు అవకాశము ఉంచవలెననుకొన్నా, కావలసినది 2.24 వోల్టులు, సుమారు 17 మిల్లీవాట్లు మాత్రమే. ఇందులో గమనించవలసినది వోల్టేజి. సామాన్యమైన ల్యాప్‌టాపు హెడ్‌ఫోను రంధ్రము 1 వోల్టు వద్దనే తన శక్తికి హద్దు చేరుకొంటుంది. ఆంప్లిఫయరు అవసరము ఇక్కడే వస్తుంది.

తక్కువ అవరోధముగల హెడ్‌ఫోనుల లెక్క వేరు. 32 ఓముల అవరోధము కలిగి, 1 మిల్లీవాట్టుకు 100 డెసిబెళ్ళు ఇచ్చే హెడ్‌ఫోను ఉన్నదనుకొందాము. ఇట్టివి బజారులో కొల్లలు. 110 డెసిబెళ్ళకు దానికి 10 మిల్లీవాట్లు చాలును. వోల్టేజి 0.57 మాత్రమే, కాని ప్రవాహము సుమారు 18 మిల్లీ ఆంపియర్లు. మొదటి హెడ్‌ఫోనుకు 7.5 మిల్లీ ఆంపియర్లే సరిపోయినవి. అనగా 300 ఓములది వోల్టేజిని కోరుతున్నది, 32 ఓములది ప్రవాహమును కోరుతున్నది. "ఎన్ని వాట్లు" అని అడిగితే ఈ భేదము కనపడదు. "ఎన్ని ఓముల వద్ద ఎన్ని వాట్లు" అని అడుగవలెను.

పెట్టెమీది 3 వాట్లను ఇప్పుడు మరల చూడండి. మనము చెప్పుకొన్న 32 ఓముల హెడ్‌ఫోనుకు నిజముగా 3 వాట్లు ఇచ్చి, అది కాలిపోకుండా నిలిచినదనుకొంటే, లెక్క ప్రకారము ధ్వని సుమారు 135 డెసిబెళ్ళు. అది వినే ధ్వని కాదు, చెవిని గాయపరచే ధ్వని. అయితే దీనికొక అపవాదము ఉన్నది. పలుచని పొర అంతటా విద్యుద్వాహకమును పరచి చేసే ప్లానార్ హెడ్‌ఫోనులలో కొన్ని చాలా మొండివి. చైనా దేశపు హైఫైమాన్ సంస్థవారి హెచ్.ఇ.6 అనేది 1 మిల్లీవాట్టుకు 83.5 డెసిబెళ్ళే ఇస్తుంది. అవరోధము 50 ఓములు. 110 డెసిబెళ్ళు కావలెనంటే దానికి దాదాపు 450 మిల్లీవాట్లు పోయవలెను. అట్టిది మీ వద్ద ఉంటే వాట్లను వెదకుట న్యాయమే. లేనివారు ఆ ధర చెల్లించనక్కరలేదు.

ఇక కరపత్రములో దాగే ముఖ్యమైన అంకెకు వద్దాము. అది ఆంప్లిఫయరు నిర్గమ అవరోధము. ప్రతి విద్యుద్ఘటమునకూ అంతర్నిరోధము ఉంటుందని విద్యార్థులకు తెలుసు. బరువు తగిలించగానే ఘటము కొనల మధ్య వోల్టేజి కొంత పడిపోవుట ప్రయోగశాలలో చూచే ఉంటారు. ఆంప్లిఫయరుకు కూడా అట్టి అంతర్నిరోధము ఉన్నది. హెడ్‌ఫోను నిరోధము అన్ని స్వరములకూ ఒకటే అయి ఉంటే దీనివల్ల చిక్కు లేదు. ధ్వని కొంత తగ్గేది, అంతే. కాని తీగచుట్టతో పనిచేసే హెడ్‌ఫోనులు చాలావాటి అవరోధము పౌనఃపున్యముతోపాటు మారుతుంది. లోపలి పొర సహజముగా ఊగే పౌనఃపున్యము వద్ద, అనగా అనునాదము వద్ద, అది బాగా పెరుగుతుంది. హెచ్.డి.650లో 300 ఓములున్నది మందర స్వరముల వద్ద సుమారు 500 వరకు పోతుంది.

ఒక హెడ్‌ఫోను మధ్య స్వరముల వద్ద 32 ఓములు, మందరములో ఒకచోట 60 ఓములు ఉన్నదనుకొందాము. దానిని 120 ఓముల నిర్గమ అవరోధముగల ఆంప్లిఫయరుకు తగిలించితిమి. మధ్య స్వరములకు అందే వాటా 152లో 32వంతులు. మందరమునకు అందేది 180లో 60వంతులు. ఈ రెండింటి నిష్పత్తిని డెసిబెళ్ళలోకి మార్చితే దాదాపు 4. అనగా గాయకుని గొంతుకంటె మందర స్వరము 4 డెసిబెళ్ళు అదనముగా ఉబ్బుతుంది. అదే హెడ్‌ఫోనును 1 ఓము ఆంప్లిఫయరుకు తగిలిస్తే భేదము డెసిబెలులో ఎనిమిదవ వంతు కూడా ఉండదు. 300 ఓముల హెడ్‌ఫోను విషయములో 120 ఓముల ఆంప్లిఫయరు చేసే చెరుపు 1 డెసిబెలు మాత్రమే. కనుక, ఒకరికి బాగున్న పెట్టె మరొకరికి బాగుండకపోవుటలో మాయ ఏమీ లేదు. వారి హెడ్‌ఫోనులు వేరు.

ఈ 120 అనే అంకె నేను ఊహించినది కాదు. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 1996లో ప్రకటించిన ఒక ప్రమాణములో హెడ్‌ఫోను నిర్గమములకు సూచించినది ఇదే. అధిక అవరోధముగల హెడ్‌ఫోనులు విరివిగా ఉన్న రోజుల అలవాటు అందులో కొంత ఉన్నది. 1968లో సెన్‌హైజర్ వారు విడుదల చేసిన హెచ్.డి.414కు 2,000 ఓములు ఉండేవి. దానిముందు 120 లెక్కలోనిది కాదు. ఇప్పుడు అభ్యాసకులు పాటించే సూత్రము వేరు: ఆంప్లిఫయరు నిర్గమ అవరోధము హెడ్‌ఫోను అవరోధములో ఎనిమిదవ వంతుకు మించరాదు. 32 ఓములకు 4 ఓములు. నేటి మంచి పెట్టెలలో ఇది 1 ఓముకు లోపుగానే ఉంటున్నది కనుక అంతకు మించినదానిని కొనవలసిన పని లేదు.

ఈ ఎనిమిదవ వంతు సూత్రమును జనములో ప్రచారము చేసినవారిలో ఒకని కథ విచిత్రమైనది. ఎన్.డబ్ల్యూ.ఏవీ.గై అనే మారుపేరుతో వ్రాసిన ఒక ఇంజనీరు, ఖరీదైన ఆంప్లిఫయర్లను కొలిచి వాటి లోపములను బయటపెట్టి, ఊరుకోక 2011లో ఓ2 అనే ఆంప్లిఫయరును తానే రూపొందించి, దాని చిత్రమును అందరికీ ఉచితముగా ఇచ్చినాడు. ఎవరైనా చేసుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. దాని నిర్గమ అవరోధము సుమారు అర ఓము. 2012లో అతడు ఉన్నట్టుండి వ్రాయుట మానివేసినాడు. అతని అసలు పేరు లోకమునకు తెలియలేదు. అయినను, చెవితో విని పొగడుటకు ముందు మీటరుతో కొలిచి చూడవలెననే పట్టుదల ఆ తరువాతివారిలో నాటుకొన్నది. 2018లో అమెరికాలో జె.డి.ఎస్. ల్యాబ్స్ విడుదల చేసిన ఆటమ్ అనే పెట్టె 99 డాలర్లకే వచ్చినది. అందులో స్పీకర్లకు సంకేతమిచ్చే ద్వారము కూడా ఉన్నది.

ఉపాధ్యాయులు ఈ కొలతను తరగతిలోనే చేసి చూపవచ్చును. 2 వోల్టుల ఏ.సి. మెట్టుగల డిజిటల్ మల్టీమీటరు, 33 ఓముల నిరోధకము, హెడ్‌ఫోను ప్లగ్గుతో ఉన్న ఒక పాత తీగ కావలెను. కంప్యూటరునుండి 100 హెర్ట్జుల ఏకస్వరమును వాయించి, హెడ్‌ఫోను తగిలించకుండా నిర్గమము వద్ద సరిగా అర వోల్టు వచ్చేటట్లు మీటను త్రిప్పండి. తరువాత మీటను కదల్చకుండా నిరోధకమును అడ్డముగా కలిపి మరల కొలవండి. మొదటి వోల్టేజిని రెండవదానిచేత భాగించి, ఒకటి తీసివేసి, మిగిలినదానిని 33చేత గుణిస్తే నిర్గమ అవరోధము వస్తుంది. 0.50 వోల్టు 0.49కి తగ్గితే ఓములో మూడింట రెండువంతులు. 0.11కి పడిపోతే 120 ఓముల దగ్గర ఉన్నదన్నమాట. పౌనఃపున్యము 100 దగ్గరనే ఉంచవలెను. చవుక మీటర్లు హెచ్చు పౌనఃపున్యముల వద్ద సరిగా చెప్పవు.

ఇప్పుడు రెండు మార్గములూ కలిసేచోటుకు వద్దాము. ఇట్టి పెట్టెలలో వెనుకవైపు ఉండే ద్వారము రెండు రకములు. ఒక రకములో సంకేతము ధ్వనిమీటతో పెరిగి తరుగుతుంది. రెండవ రకములో మీటతో సంబంధము లేక ఎప్పుడూ పూర్తిగా వస్తూనే ఉంటుంది. పవర్డ్ స్పీకర్లకు కావలసినది మొదటిది. పూర్తి సంకేతమును స్పీకరుకు తగిలిస్తే, మీట ఎంత త్రిప్పినా ధ్వని తగ్గదు. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న అంగడివానిని తప్పక అడుగవలెను. మంచి పెట్టెలలో మరొక సదుపాయము ఉంటుంది: హెడ్‌ఫోను ప్లగ్గు దూర్చగానే స్పీకర్లు ఆగిపోతాయి, తీయగానే పలుకుతాయి. ఆటమ్‌లో ఇది ఉన్నది.

ఈ సదుపాయములోనే చెవికి ఒక ప్రమాదము పొంచి ఉన్నది. మీట ఒక్కటే, మార్గములు రెండు. స్పీకర్లను గదికి సరిపడునట్లు వినుటకు 0.3 వోల్టు కావలసి వచ్చినదనుకొందాము. ఇంతలో ఎవరో వచ్చినారని హెడ్‌ఫోను ప్లగ్గు దూర్చితిరి. మీట ఉన్నచోటనే ఉన్నది. హెచ్.డి.650 అయితే 92 డెసిబెళ్ళు దాటుతుంది. 32 ఓములదైతే 104 డెసిబెళ్ళు! ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘముతో కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలు వారమునకు 40 గంటలు 80 డెసిబెళ్ళ వరకు వినవచ్చును. పిల్లలకు 75 మాత్రమే. ప్రతి 3 డెసిబెళ్ళకూ కాలము సగమవుతుంది. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10. ఇట్లు తగ్గించుకొంటూ పోతే 104 డెసిబెళ్ళను వినదగిన కాలము వారము మొత్తములో సుమారు 9 నిమిషములు. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే సూక్ష్మ రోమకణములు ఒకసారి నశిస్తే మనిషిలో మరల పుట్టవు.

దీనికి ఉపాయము పెట్టెలో లేదు, స్పీకరు వెనుక ఉన్నది. పవర్డ్ స్పీకర్లకు చాలావాటికి తమదైన మీట ఒకటి వెనుకవైపు ఉంటుంది. ముందు హెడ్‌ఫోను పెట్టుకొని, పెట్టె మీటను మీకు హాయిగా వినిపించే చోట ఉంచండి. తరువాత హెడ్‌ఫోను తీసి, పెట్టె మీటను కదల్చకుండా, స్పీకర్ల వెనుక మీటలను గదికి సరిపోయే వరకు మెల్లగా పెంచండి. ఇక రెండు మార్గములకూ మీట స్థానము ఇంచుమించు ఒకటే. చాలామంది దీనికి విరుద్ధముగా స్పీకర్లను తగ్గించి పెట్టెను పెంచుతారు. ఇంట్లో పిల్లలున్నవారు ఈ సర్దుబాటు తామే చేయవలెను.

పెట్టె ఎన్ని రెట్లు పెంచుతుందనేది కూడా ఇక్కడ అవసరము. డిజిటల్ సంకేతమును ధ్వని సంకేతముగా మార్చే డాక్ అనే పరికరము సాధారణముగా 2 వోల్టుల వరకు ఇస్తుంది. ఏమీ పెంచకుండా అందించినా హెచ్.డి.650 నుండి 109 డెసిబెళ్ళు వస్తాయి. ఐదు రెట్లు పెంచే పెట్టెలో మీట మొదటి కొద్దిభాగములోనే సరిపోతుంది. ఆ భాగములో కుడి ఎడమలు సమానముగా ఉండవు, ఒక చెవికి హెచ్చుగా వినపడుతుంది. రెండు మెట్ల స్విచ్చి ఉన్న పెట్టెను కొని తక్కువ మెట్టులోనే వాడుకొనుట మంచిది.

స్పీకర్లు తగిలించగానే "మ్‌మ్" అని సన్నని హోరు వస్తే, అది మన ఇళ్ళలోని 50 హెర్ట్జుల విద్యుత్తు, దాని గుణిజములు చేసే చప్పుడు. కంప్యూటరు మూడుకాళ్ళ ప్లగ్గు ద్వారా భూమికి కలిసి ఉంటుంది, స్పీకర్లూ కలిసి ఉంటాయి, మధ్య యు.ఎస్.బి. తీగ, సంకేతపు తీగ ఈ రెండింటినీ కలుపుతాయి. ఇట్లు ఏర్పడిన వలయములో అనవసర ప్రవాహము తిరుగుతుంది. హెడ్‌ఫోనులో ఇది సాధారణముగా వినపడదు. హెడ్‌ఫోనుకు వేరే భూసంధానము లేదు. అన్నింటినీ ఒకే ప్లగ్గుబోర్డుకు తగిలిస్తే చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే కంప్యూటరుకూ పెట్టెకూ మధ్య యు.ఎస్.బి. తీగకు బదులు వెలుగుతో సంకేతము పంపే ఆప్టికల్ తీగ వాడవచ్చును, రెండింటికీ ఆ ద్వారములు ఉంటే. వెలుగు విద్యుత్తును మోయదు కనుక వలయము తెగిపోతుంది. స్పీకరుకూ పెట్టెకూ రెండింటికీ బాలన్స్‌డ్ ద్వారములుంటే అదీ మంచి మార్గమే.

కొందరు ప్లగ్గు మూడవకాలిని తీసివేసి హోరు పోయినదని సంతోషిస్తారు. లోపల తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలినరోజు 230 వోల్టులు దానిమీదికి వస్తాయి. భూమికి పోయే దారి మనమే తెంచుకొన్నాము కనుక అవి ముట్టుకొన్నవాని శరీరము గుండా పోతాయి. హెడ్‌ఫోనును తలకు పెట్టుకొని ఉన్నవాని విషయము చెప్పనక్కరలేదు. హోరు ఎంత విసుగు పుట్టించినా ఆ కాలిని ముట్టుకొనరాదు.

ఇట్టిదే మరొక హెచ్చరిక. కొన్ని పెట్టెలలో నాలుగు సూదుల బాలన్స్‌డ్ హెడ్‌ఫోను ద్వారము ఉంటుంది. అందులో ప్రతి చెవికీ రెండు ఆంప్లిఫయర్లు ఎదురెదురుగా పనిచేస్తాయి. ఏ కొనా భూమికి కలిసి ఉండదు. దానినుండి సాధారణ తీగతో స్పీకర్లకు కలిపితే ఒక ఆంప్లిఫయరు నేరుగా భూమికి కలిసి చెడిపోవచ్చును. మామూలు హెడ్‌ఫోను రంధ్రమునుండి స్పీకర్లకు తీగ వేసుకొంటే మాత్రము హాని లేదు. 10,000 ఓముల స్పీకరు దానికి బరువు కాదు. వెనుక ద్వారము లేని పెట్టె ఇదివరకే మీ వద్ద ఉంటే ఇంకొకటి కొనకుండా ఈ తీగతోనే పని గడుపుకొనవచ్చును. ప్లగ్గు తీసి పెట్టే శ్రమ ఒక్కటే అదనము.

అంగడిలో పరీక్షించేటప్పుడు మీ హెడ్‌ఫోనునే తీసుకొనిపొండి. పాట ఏమీ వాయించకుండా దానిని చెవులకు పెట్టుకొని, మీటను మెల్లగా సగము వరకు త్రిప్పండి. బుసబుసమనే చప్పుడు వినపడితే ఆ పెట్టె మీకు పనికిరాదు. వినపడకపోతే మీటను పూర్తిగా వెనుకకు త్రిప్పిన తరువాతనే పాటను పెట్టమనండి.